చూపునందు అప్రస్తుత ప్రసంగము

అష్టావధానము చూచినవారికి అప్రస్తుత ప్రసంగి సుపరిచితుడే. అవధాని పద్యపాదమును కూర్చుచుండగా నడుమ అడ్డుతగిలి, సంబంధములేని ప్రశ్నలతో ఆయన ఏకాగ్రతను చెదరగొట్టుటయే ఆతని పని. అట్టి ప్రసంగి మన చూపునకును నిత్యము ఎదురగుచునే యుండును. చదువుకొనుచుండగా కిటికీలో కదలిన కొమ్మ, బండి నడుపుచుండగా దారిప్రక్క మెరసిన ప్రకటన - ఇవన్నియు అట్టివే. మెదడు వీనిని ఎట్లు ప్రక్కకు నెట్టుచున్నది?

కంటి వెనుకనున్న నేత్రపటలమున వెలుగును గ్రహించు కణములు 12 కోట్లకు పైగా కలవు. ఆ సమాచారమును మెదడునకు కొనిపోవు నాడీతంతువులు సుమారు 10 లక్షలు మాత్రమే. మెదడు చేరిన పిదప కూడ అన్ని వస్తువులను ఒకేసారి నిశితముగ పరిశీలించుట సాధ్యము కాదు. అందుచే అవి ఒకదానితో నొకటి పోటీపడును. అవధానము ఆ పోటీలో ఒకదాని పక్షము వహించును.

దీనిని మోరన్, డెసిమోన్ అను శాస్త్రజ్ఞులు 1985లో కోతులపై జరిపిన ప్రయోగములందు చూపిరి. ఒక నాడీకణము కనిపెట్టియుండు మేరలో వారు రెండు గుర్తులుంచిరి. మొదటిది ఆ కణమును ప్రేరేపించును, రెండవది ప్రేరేపింపదు. కోతి మొదటిదానిని గమనించినపుడు కణము చురుకుగా స్పందించెను. రెండవదానిని గమనించినపుడు, మొదటిది యథాస్థానముననే యున్నను, స్పందన మిక్కిలి తగ్గెను. కోతి కన్నులు కదలలేదు. మారినది అవధానము మాత్రమే.

మరి, అప్రస్తుతమైనది ఒక్కొక్కప్పుడు మనలను లోబరచుకొనుటకు కారణమేమి? రీస్, ఫ్రిత్, లావీ అను వారు 1997లో ఒక ప్రయోగమును ప్రకటించిరి. తెర నడుమ మాటలు, చుట్టును కదలు చుక్కలు. చుక్కలతో పనిలేదు. మాటలోని అక్షరములు పెద్దవియా, చిన్నవియా అని మాత్రమే చెప్పవలసినపుడు, చలనమును గుర్తించు మెదడు భాగము చుక్కలకు స్పందించెను. మాటను పలుకులుగా విడదీసి లెక్కించు కష్టమైన పని నిచ్చినపుడు ఆ స్పందన అణగిపోయెను. అనగా, చూపునకు చేతినిండ పనియున్నచో అప్రస్తుతమునకు చోటు చిక్కదు.

అయితే భారము చూపుపై గాక జ్ఞాపకముపై పడినచో ఫలితము తారుమారగును. 2001లో ప్రకటింపబడిన ప్రయోగమున, కొందరు అంకెల వరుసను మనస్సున నిలుపుకొనుచు, ప్రసిద్ధుల పేర్లను చదివి వర్గీకరించిరి. పేర్ల వెనుక, చూడనక్కరలేని ముఖములు కలవు. అంకెల వరుస కఠినమైనకొలది ముఖములకు మెదడు ఎక్కువగ స్పందించెను. ఏది ప్రస్తుతమో, ఏది అప్రస్తుతమో గుర్తుంచుకొనుట కూడ జ్ఞాపకము పనియే కదా! దానికి వేరు పని యప్పగించినచో కావలి సడలును.

ఇందు మనకొక హెచ్చరిక కలదు. 2003లో అమెరికాయందు ప్రకటింపబడిన పరిశోధనలో, కృత్రిమ వాహనమును నడుపుచు, చేతితో పట్టనక్కరలేని ఫోనులో మాటలాడిన వారు, తాము సూటిగా చూచిన వస్తువులను సైతము పిదప సరిగా గుర్తింపలేకపోయిరి. చేతులు ఖాళీగ నున్నంత మాత్రమున మనస్సు ఖాళీగ నున్నట్లు కాదు. రోడ్డుకు అడ్డముగ పరుగెత్తు పిల్లవాడు మన సంభాషణకు అప్రస్తుతుడే. కాని ఆతని ప్రాణము మన చూపుపై ఆధారపడియున్నది.

కావున బండి నడుపువారు ఫోను మ్రోగినచో ప్రక్కకు ఆపి మాటలాడుట మేలు. విద్యార్థులు కూడ చేయవలసిన ఇతర పనులను కాగితముపై వ్రాసికొని, మనస్సును తేలికపరచుకొని చదువ మొదలిడినచో కిటికీలోని కొమ్మ అంతగా పిలువదు.