యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక పొట్ట పాడైందా? మళ్లీ ఇంకో యాంటీబయాటిక్ వేసుకునే ముందు ఇది వినండి

ఇవాళ్టి టాపిక్ చాలామంది బయటికి చెప్పుకోవడానికి సిగ్గుపడేది. పంటి నొప్పికో, గొంతు నొప్పికో యాంటీబయాటిక్ కోర్సు వేసుకుంటాం. అసలు జబ్బు తగ్గిపోతుంది. పొట్ట మాత్రం తేడా కొడుతుంది. లూజ్ మోషన్స్, గ్యాస్, కడుపుబ్బరం, తిన్న వెంటనే బాత్రూమ్‌కి పరుగు. కొందరికి నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. కొందరికి నెలలు గడిచినా సర్దుకోదు. నా ఓపీకి వచ్చే కుర్రవాళ్లలో ఈ కంప్లెయింట్ చాలా ఎక్కువ. అందుకే ఎందుకు వస్తుంది, ఏం చేయాలి, ఏం చేయకూడదు, ఎప్పుడు భయపడాలి అన్నీ వరసగా చెప్తాను.

లోపల ఏం జరుగుతుంది?

మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో లెక్క కట్టారు. వాటిలో ఎక్కువ భాగం పెద్దపేగులోనే ఉంటాయి. అవి ఊరికే కూర్చోవు. మనం అరిగించుకోలేని పీచుని అవి తిని, బ్యూటిరేట్ లాంటి పదార్థాలు తయారుచేస్తాయి. పెద్దపేగు గోడలోని కణాలకి అదే ముఖ్యమైన ఆహారం. పైత్యరసాన్ని మార్చడం, చెడ్డ క్రిములకి చోటు దొరక్కుండా చూడటం కూడా వాటి పనే.

యాంటీబయాటిక్‌కి మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా అనే తేడా తెలీదు. కలుపు మందు కొడితే చేలో పైరు కూడా మాడినట్టు, గొంతులో క్రిమితో పాటు పేగులో ఉన్నవీ పోతాయి. అప్పుడు అరగని పిండిపదార్థాలు పేగులో మిగిలిపోయి నీళ్లని లాక్కుంటాయి. మోషన్ పలచబడుతుంది. మందుని బట్టి వందలో 5 నుంచి 35 మందికి ఇలా అవుతుంది.

అన్ని మందులూ ఒకేలా చేయవు. అమాక్సిసిలిన్‌తో క్లావులనేట్ కలిపిన బిళ్లలు, సెఫిక్సిమ్ లాంటివి, క్లిండామైసిన్ ఇందులో ముందుంటాయి. అజిత్రోమైసిన్ సంగతి కొంచెం వేరు. అది పేగు కదలికనే పెంచుతుంది. అందుకే కొందరికి మొదటి బిళ్ల వేసుకున్న కాసేపటికే కడుపులో మెలిపెట్టినట్టు ఉంటుంది.

మరి పోయిన బ్యాక్టీరియా తిరిగి వస్తాయా? చాలావరకు వస్తాయి. 2018లో ఒక పరిశోధనలో 12 మంది ఆరోగ్యవంతులకి నాలుగు రోజులు మూడు గట్టి యాంటీబయాటిక్స్ ఇచ్చి చూశారు. నెలన్నరకి చాలావరకు పాత స్థితికి వచ్చింది. కానీ మామూలుగా ఉండాల్సిన 9 రకాలు ఆరు నెలలైనా కనబడలేదు. అంటే పేగు కోలుకుంటుంది కానీ టైమ్ తీసుకుంటుంది. ఆ టైమ్ ఇవ్వకుండా మళ్లీ మళ్లీ దెబ్బ కొడితేనే కష్టం.

మెడికల్ షాపు దగ్గర మొదలయ్యే చక్రం

ఇవాళ నేను చెప్పాలనుకున్న అసలు విషయం ఇదే. హాస్టల్లో ఉండే ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. పన్ను పీకించుకున్నాక ఐదు రోజుల కోర్సు వాడాడు. మూడో రోజు నుంచి మోషన్స్. మెడికల్ షాపుకి వెళ్లి "అన్నా, మోషన్స్ అవుతున్నాయి, ఏదైనా ఇవ్వు" అన్నాడు. ఆయన ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన బిళ్లలు ఇచ్చాడు. మోషన్స్ రెండు రోజులు తగ్గాయి. పది రోజులకి మళ్లీ మొదలు. మళ్లీ అవే బిళ్లలు. ఇలా రెండు నెలల్లో మూడుసార్లు. చివరికి ఏం తింటే ఏమవుతుందో అని తినడం మానేసి నాలుగు కేజీలు తగ్గాడు. బస్సెక్కాలన్నా భయం, ఎగ్జామ్ హాల్లో కూర్చోవాలన్నా భయం.

గమనించారా? ఆ మోషన్స్‌కి కారణం యాంటీబయాటిక్. దానికి మందు అనుకుని వేసుకున్నదీ యాంటీబయాటికే. "మోషన్స్ టాబ్లెట్" అని మనం అడిగి తెచ్చుకునే చాలా బిళ్లలు అవే. అప్పుడే మొలకెత్తుతున్న చేలో మళ్లీ కలుపు మందు కొట్టినట్టు అన్నమాట. ఆ అబ్బాయికి నేను కొత్త యాంటీబయాటిక్ ఏదీ రాయలేదు. టెస్టులు చూసి, తిండి సరిచేసి, ఓపిక పట్టమన్నాను. నిలదొక్కుకోవడానికి దాదాపు మూడు నెలలు పట్టింది.

మొదటి వారంలో ఏం చేయాలి?

ఒకటి. మందు రాసిన డాక్టర్‌కి ఫోన్ చేయండి. మీ అంతట మీరు కోర్సు ఆపొద్దు, మార్చొద్దు. అవసరం తీరిపోతే ఆపమంటారు, లేదంటే వేరేది ఇస్తారు.

రెండు. నీళ్లు, ఉప్పు తగ్గకుండా చూసుకోండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు కలపమని రాసి ఉంటుందో అన్నే కలపండి. లీటర్ ప్యాకెట్‌ని గ్లాసులో కలిపితే మోషన్స్ ఎక్కువవుతాయి. ప్యాకెట్ దొరక్కపోతే లీటర్ కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, తలగొట్టి కొలిచి వేసుకోండి. అట్టడబ్బాల్లో అమ్మే తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ కాదు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా లేని డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదని చెప్పింది. కొనేటప్పుడు డబ్బా మీద ఫార్ములా చూడండి.

మూడు. తిండి మానొద్దు. మెత్తటి అన్నం, పెసరపప్పు కట్టు, గంజి, ఇడ్లీ, సొరకాయ, బీరకాయ, పలచటి మజ్జిగ. పచ్చళ్లు, వేపుళ్లు, బిర్యానీ, కూల్ డ్రింకులు పది రోజులు పక్కన పెట్టండి. పాలు, పాల టీ కూడా తగ్గించండి. పేగు లోపలి పొర అలిసిపోయి ఉన్నప్పుడు పాలలోని చక్కెర సరిగా అరగదు.

నాలుగు. మోషన్స్ టక్కున ఆపేసే లోపెరమైడ్ బిళ్ల జోలికి సొంతంగా వెళ్లొద్దు. జ్వరం గానీ, మోషన్‌లో రక్తం గానీ ఉంటే అది ప్రమాదం.

పెరుగు తినొచ్చా? ప్రోబయాటిక్ వేసుకోవాలా?

మన ఇళ్లలో జ్వరం వచ్చిందంటే "పెరుగు ముట్టుకోకు" అంటారు. నిజానికి అమాక్సిసిలిన్ లాంటి మందులతో పెరుగన్నం హాయిగా తినొచ్చు. జాగ్రత్తపడాల్సింది సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి వాటితో. పాలు, పెరుగులోని కాల్షియం ఆ మందుని పట్టుకుని ఒంటికి పట్టనివ్వదు. బిళ్ల వేసుకున్న రెండు గంటల తర్వాత పెరుగు తింటే సరిపోతుంది.

ఇక ప్రోబయాటిక్స్. చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో నీళ్లలా ఉండేది బాసిల్లస్ క్లాసీ. పొడి ప్యాకెట్లలో వచ్చేది సాకరోమైసిస్ బౌలార్డీ. ఈ రెండోది బ్యాక్టీరియా కాదు, ఒక రకం ఈస్ట్. అందుకే యాంటీబయాటిక్ దాన్ని చంపలేదు. కోర్సుతో పాటే కొన్ని రకాల ప్రోబయాటిక్స్ వాడితే మోషన్స్ వచ్చే అవకాశం కొంత తగ్గుతుంది. ఇది ముఖ్యంగా పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో బాగా కనబడింది.

అలాగని కోర్సు అయిపోయాక నెలల తరబడి కొనుక్కుంటూ పోవాల్సిన పని లేదు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2018లో ఒక ఆశ్చర్యమైన విషయం చూశారు. యాంటీబయాటిక్ తర్వాత 11 రకాల ప్రోబయాటిక్ వేసుకున్నవాళ్లలో, ఏమీ వేసుకోని వాళ్ల కంటే, సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఆలస్యమైంది. బయటి నుంచి వచ్చినవాళ్లు ఇల్లంతా ఆక్రమిస్తే అసలు ఇంటివాళ్లకి చోటు ఉండదు కదా, అలా. రోగనిరోధక శక్తి బాగా తక్కువ ఉన్నవాళ్లు, ఐసీయూలో ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పకుండా ఏ ప్రోబయాటిక్కూ వాడకూడదు.

ఎప్పుడు భయపడాలి?

ఇది స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రోజుకి మూడు నాలుగు సార్ల కంటే ఎక్కువ నీళ్ల విరేచనాలు, జ్వరం, కడుపులో గట్టి నొప్పి, మోషన్‌లో రక్తం, మూత్రం తగ్గిపోవడం, కళ్లు తిరగడం. వీటిలో ఏది ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఎందుకంటే క్లాస్ట్రిడియోయిడెస్ డిఫిసిల్ అని ఒక బ్యాక్టీరియా ఉంది. పేగు ఖాళీ అయినప్పుడు అది పెరిగి, విషం వదిలి, పెద్దపేగు గోడని పాడుచేస్తుంది. కోర్సు అయిపోయిన కొన్ని వారాల తర్వాత కూడా రావచ్చు. పెద్ద వయసు వాళ్లకి, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉన్నవాళ్లకి రిస్క్ ఎక్కువ, ప్రాణాల మీదకీ రావచ్చు. దీనికి మోషన్ టెస్ట్ ఉంది, నోటితో ఇచ్చే వాంకోమైసిన్ లాంటి ప్రత్యేకమైన మందులున్నాయి. డాక్టర్‌కి "గత రెండు మూడు నెలల్లో ఫలానా యాంటీబయాటిక్ వాడాను" అని మీరే ముందు చెప్పండి. ఇంట్లో ఎవరికైనా ఇది వస్తే శానిటైజర్‌తో పని జరగదు. దాని బీజాలు ఆల్కహాల్‌కి చావవు. సబ్బు, నీళ్లతో కడుక్కోవాలి.

నెలలు గడిచినా తగ్గకపోతే: ఐబీఎస్

టెస్టులన్నీ నార్మల్, కానీ నొప్పి ఉంది. అప్పుడు వినిపించే మాట ఐబీఎస్. ఇంట్లోవాళ్లు "నీకేం లేదు, అంతా టెన్షన్" అంటారు. అది కరెక్ట్ కాదు. ఐబీఎస్ నిజమైన జబ్బే. పేగు చూడటానికి బాగానే ఉంటుంది, పనిచేసే తీరు మారుతుంది. మూడు నెలలుగా సగటున వారానికి ఒక రోజైనా కడుపు నొప్పి, దాంతో పాటు మోషన్ ఎన్నిసార్లు, ఎలా వస్తుందనేది మారడం, బాత్రూమ్‌కి వెళ్తే నొప్పి తగ్గడమో పెరగడమో ఉంటే దీన్ని అనుమానిస్తాం.

పేగు ఇన్ఫెక్షన్ తర్వాత ఇది వస్తుందని బాగా తెలుసు. 2000లో కెనడాలోని వాకర్టన్ అనే ఊళ్లో తాగునీళ్లు కలుషితమై వేలమంది జబ్బుపడ్డారు. పరిశోధకులు ఆ ఊరివాళ్లని ఎనిమిదేళ్లు గమనించారు. మొదటి రెండు మూడేళ్లలో 28 శాతం మందికి ఉన్న ఐబీఎస్, ఎనిమిదేళ్లకి 15 శాతానికి దిగింది. ఇందులో చెడ్డవార్త, మంచివార్త రెండూ ఉన్నాయి. ఇది వస్తుంది, చాలామందిలో నెమ్మదిగా పోతుంది కూడా. ఆ ఇన్ఫెక్షన్ టైమ్‌లో యాంటీబయాటిక్ వాడినవాళ్లలో ఐబీఎస్ ఎక్కువగా కనబడిందని వేరే పరిశోధనలు చెప్తున్నాయి.

ఒక్క జాగ్రత్త. బరువు తగ్గడం, రక్తం పడటం, రక్తహీనత, నిద్రలోంచి లేపేసే మోషన్స్, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండటం, 45 దాటాక కొత్తగా మొదలవడం. ఇవి ఉంటే ఐబీఎస్ అని సరిపెట్టుకోవద్దు, పూర్తిగా పరీక్ష చేయించుకోవాలి. నేను చెప్పిన అబ్బాయికి బరువు తగ్గింది కాబట్టే ముందు టెస్టులు చేయించాను.

ఐబీఎస్‌తో రోజు గడిపేదెలా?

ఫోన్‌లో నోట్స్ ఓపెన్ చేసి రెండు వారాలు రాయండి. ఏం తిన్నారు, ఎప్పుడు నొప్పి, మోషన్ ఎలా ఉంది, ముందు రాత్రి ఎంతసేపు పడుకున్నారు. డాక్టర్‌కి పది స్కాన్ల కంటే ఇది ఎక్కువ చెప్తుంది.

తిండిలో ఆస్ట్రేలియా మోనాష్ యూనివర్సిటీ వాళ్ల లో ఫాడ్‌మ్యాప్ పద్ధతి చాలామందికి పనిచేస్తుంది. పేగులో పులిసి గ్యాస్ చేసే వాటిని కొన్ని వారాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టి, మీకు పడనిది ఏదో తేల్చుకోవడం. మన వంటింట్లో ఆ లిస్టులో ఉల్లిపాయ, వెల్లుల్లి, గోధుమ, పాలు, రాజ్మా, శనగలు, జీడిపప్పు, మామిడిపండు ఉంటాయి. అన్నం మాత్రం మీకు స్నేహితుడే. ఉల్లి, వెల్లుల్లి రుచి పోతుందని బెంగపడొద్దు, చిటికెడు ఇంగువ పోపు ఆ లోటు తీరుస్తుంది. కానీ ఇది జీవితాంతం చేసే పథ్యం కాదు. ఆరు వారాలు దాటి అన్నీ ఆపేస్తే మంచి బ్యాక్టీరియాకీ తిండి ఉండదు.

పీచు కోసం ఇసబ్‌గోల్ కొద్దిగా మొదలుపెట్టి పెంచుకోండి, నీళ్లు బాగా తాగండి. గోధుమ తవుడు కొందరికి ఉబ్బరం పెంచుతుంది. పేగుకీ మెదడుకీ నరాల లైన్ ఉంది. ఎగ్జామ్ ముందు కడుపు కలవరపడేది అందుకే. రాత్రి రెండింటి దాకా రీల్స్ చూసి, పొద్దున్న ఏమీ తినకుండా రెండు కాఫీలు తాగితే ఏ మందూ పనిచేయదు. నిద్ర, నడక, టైమ్‌కి తిండి కూడా ట్రీట్‌మెంటే. మనసు బాగా కుంగితే కౌన్సెలింగ్ తీసుకోవడంలో సిగ్గు లేదు, ఐబీఎస్‌కి అది నిజంగా పనిచేస్తుంది.

ఈసారి షాపుకి వెళ్లినప్పుడు

షీట్ వెనక్కి తిప్పి చూడండి. నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టర్ చీటీ లేకుండా వాడకూడని మందు. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో దీని గురించి ప్రచారం కూడా చేసింది. జలుబు, మామూలు గొంతు నొప్పి, వైరల్ జ్వరాలకి యాంటీబయాటిక్ అక్కర్లేదు. నిజంగా అవసరమైనప్పుడు మాత్రం భయపడి మానొద్దు. న్యుమోనియాకి, టైఫాయిడ్‌కి అదే ప్రాణం కాపాడుతుంది. డాక్టర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "సార్, ఇది నాకు తప్పనిసరా? ఎన్ని రోజులు?" మంచి డాక్టర్ ఎవరూ దీనికి కోపం తెచ్చుకోరు.

సరే అండి, ఇవాళ్టికి ఇంతే. మీ రూమ్మేట్ ఎవరైనా మోషన్స్ అని మెడికల్ షాపుకి బయల్దేరుతుంటే, ముందు ఒక ఓఆర్ఎస్ కలిపి చేతికివ్వండి. తర్వాత ఈ ఎపిసోడ్ పంపండి. మళ్లీ కలుద్దాం, జాగ్రత్తగా ఉండండి.