కొలత తెలిస్తే.. కొలువుకు దారి!

చిన్న పగడాల అక్వేరియానికి ఏ ఫిల్టర్ పెట్టాలి? కాల్షియం ఎలా అందించాలి? ప్రశ్న అభిరుచికి సంబంధించినదిలా కనిపిస్తుంది. కానీ దీనికి సరైన జవాబు చెప్పగలిగిన డిగ్రీ విద్యార్థికి రొయ్యల హేచరీ నుంచి నీటి పరీక్షల ల్యాబ్ వరకూ పనికొచ్చే నైపుణ్యం చేతికొచ్చినట్టే!

తిరుపతిలో ఓ దంతవైద్యుడు తన క్లినిక్‌లో సముద్రపు అక్వేరియం పెట్టుకోవాలనుకున్నారనుకోండి. రెండడుగుల పొడవు, 60 లీటర్ల గాజు ట్యాంకు. రాళ్లూ ఇసుకా పోగా అందులో పట్టే నీళ్లు దాదాపు 50 లీటర్లు. జువాలజీ లేదా ఫిషరీ సైన్స్ చదివిన మీకు ఫోన్ చేసి, ‘ఏమేం కొనాలో రాసివ్వు బాబూ’ అన్నారు. దుకాణంలో ఉన్నవన్నీ రాసిస్తే ఆయన డబ్బు వృథా. అవసరమైనది ఒక్కటి వదిలేస్తే చేపలూ పగడాలూ వారంలో పోతాయి. మీకు రెండో ఫోన్ రాదు. మరెలా?

ముందు నీళ్లు.. తర్వాతే ఫిల్టరు
చాలామంది ఫిల్టరుతో మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది నీటితో. మన ప్రాంతంలో బోరు నీళ్లు చాలాచోట్ల కఠినం. అందుకే ఆర్‌ఓ నీళ్లు తప్పనిసరి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఇళ్లలోని ప్యూరిఫయర్లు చాలావరకూ రుచి కోసం కొంత ఖనిజాన్ని తిరిగి కలుపుతాయి. కాబట్టి టీడీఎస్ మీటరు పెట్టి చూడాలి, సున్నాకు దగ్గరగా ఉండాలి. రెండోది ఇంకా ముఖ్యం: రాగి కలిపే ప్యూరిఫయర్ నీళ్లు వాడొద్దు. మనకు మంచిదని చెప్పే ఆ రాగి.. పగడాలకూ రొయ్యలకూ నత్తలకూ విషం.

వంటింటి ఉప్పు కూడా పనికిరాదు. అది దాదాపుగా సోడియం క్లోరైడ్ మాత్రమే. అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమంలో మెగ్నీషియం, కాల్షియం, బైకార్బొనేట్ కూడా ఉంటాయి. సహజ సముద్రపు నీటిలో లవణీయత లీటరుకు 35 గ్రాములు, కాల్షియం 410-420 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1,300 మిల్లీగ్రాముల దాకా, ఆల్కలినిటీ 7 డీకేహెచ్ (జర్మన్ డిగ్రీలు) చొప్పున ఉంటాయి. ఈ నాలుగు అంకెలు గుర్తుంచుకోండి. మిగతా నిర్ణయాలన్నీ వీటి చుట్టూనే.

ఫిల్టర్ అంటే యంత్రం కాదు
50 లీటర్ల ట్యాంకులో అసలు ఫిల్టర్ రాళ్లూ ఇసుకే. వాటి రంధ్రాల్లో పెరిగే బ్యాక్టీరియా చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా చేపలు వేయకూడదు. డాక్టరుగారు ‘ఆదివారం ఓపెనింగ్ ఉంది’ అని తొందరపెట్టినా ఒప్పుకోకండి!

దీనికి తోడు ఇవి చాలు..
- గంటకు 500 నుంచి 1,000 లీటర్ల నీటిని తిప్పే చిన్న పంపు. పగడాలకు కదిలే నీళ్లే కావాలి.
- గాజు అంచుకు తగిలించే చిన్న ఫిల్టరు. అందులో స్పాంజి, యాక్టివేటెడ్ కార్బన్. స్పాంజిని మూడు నాలుగు రోజులకోసారి కడగాలి. లేదంటే అందులో చిక్కిన మేతా చెత్తా అక్కడే కుళ్లి, నైట్రేట్ పెరిగిపోతుంది.
- వారానికి ఐదు లీటర్ల నీటి మార్పు.

మరి ప్రొటీన్ స్కిమ్మర్? సముద్రపు ఒడ్డున అలలు తెచ్చే నురుగు చూసే ఉంటారు. స్కిమ్మర్ చేసేదీ అదే: సన్నని గాలి బుడగలకు సేంద్రియ వ్యర్థాలు అంటుకుంటాయి, ఆ నురుగు పైన గిన్నెలోకి చేరుతుంది. మంచి పరికరమే. కానీ ఒకటి రెండు చిన్న చేపలుండి, నీళ్లు క్రమం తప్పకుండా మారుస్తున్న 50 లీటర్ల ట్యాంకుకు అత్యవసరం కాదు. చేపలు పెరిగితే అప్పుడు చూసుకోవచ్చు.

కాల్షియం: అసలు లెక్క ఇక్కడే
పగడాలు, నత్తలు, రాళ్లపై గులాబీ రంగు పొరలా పెరిగే కోరలైన్ ఆల్గే.. ఇవన్నీ నీటిలోని కాల్షియం, కార్బొనేట్‌లను తీసుకుని కాల్షియం కార్బొనేట్ తయారుచేసుకుంటాయి. అలా 20 మిల్లీగ్రాముల కాల్షియం ఖర్చయితే ఆల్కలినిటీ 2.8 డిగ్రీలు తగ్గుతుంది. ఈ నిష్పత్తి మారదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ట్యాంకులో వారం పాటు నీళ్లు మార్చకుండా, ఏమీ కలపకుండా చూశారు. ఆల్కలినిటీ 8.4 నుంచి 7.0కు తగ్గింది. అంటే 1.4 డిగ్రీలు, దాదాపు 17 శాతం. అదే సమయంలో కాల్షియం 420 నుంచి 410కే తగ్గుతుంది. అంటే రెండు శాతం పైచిలుకు. మామూలు కిట్‌లో ఈ తేడా కనపడకపోవచ్చు కూడా. ‘కాల్షియం బాగానే ఉంది’ అనుకుంటూ ఉండగానే ఆల్కలినిటీ పడిపోతుంది. అందుకే ముందు కొలవాల్సింది ఆల్కలినిటీని!

ఇప్పుడు పరికరాల సంగతి. మార్గాలు మూడు.

సున్నపు తేట: కాల్షియం హైడ్రాక్సైడ్‌ను ఆర్‌ఓ నీటిలో కలిపి, తేరిన తేటను మాత్రమే వాడటం. తాంబూలంలో వేసుకునే సున్నం కూడా ఇదే పదార్థం. అయితే ట్యాంకుకు ఆ డబ్బాలోదీ వద్దు, గోడలకు వేసే సున్నమూ వద్దు. ల్యాబ్ గ్రేడు లేదా అక్వేరియం గ్రేడు కొనాలి. కాల్షియం, ఆల్కలినిటీ రెండూ సరైన నిష్పత్తిలో అందుతాయి.

రెండు సీసాల పద్ధతి: ఒకదాంట్లో కాల్షియం క్లోరైడ్, మరోదాంట్లో సోడియం బైకార్బొనేట్ లేదా కార్బొనేట్ ద్రావణం. రెండూ ఒకేసారి ఒకేచోట పోస్తే తెల్లటి అవక్షేపం ఏర్పడుతుంది. కాస్త వ్యవధి ఇచ్చి పోయాలి.

కాల్షియం రియాక్టర్: కాల్షియం కార్బొనేట్ గుళికలను కార్బన్ డయాక్సైడ్‌తో నెమ్మదిగా కరిగించే యంత్రం. సిలిండర్, రెగ్యులేటర్, పంపు అన్నీ కావాలి. గట్టి పగడాలు నిండిన పెద్ద ట్యాంకులకు తగినది.

మన 50 లీటర్లకు ఏది? లెక్క వేయండి. రోజుకు 0.2 డిగ్రీల లోటు. దాన్ని పూడ్చడానికి కావాల్సిన కాల్షియం హైడ్రాక్సైడ్ రోజుకు 0.13 గ్రాములు. నెలకు నాలుగు గ్రాములు! ఈ పనికి సిలిండరూ రెగ్యులేటరూ ఎందుకు? ఆవిరైన నీటి బదులు రోజూ పోసే ఆర్‌ఓ నీటిలోనే ఇది కలిసిపోతుంది. ఒక్కసారిగా కుమ్మరిస్తే పీహెచ్ ఎగబాకుతుంది కాబట్టి చుక్కలు చుక్కలుగా పడనివ్వాలి. గాఢమైన సున్నపు తేట పీహెచ్ 12 దాటుతుంది. కళ్లద్దాలు, చేతికి తొడుగులు మరవొద్దు.

చట్టం ఏమంటోంది?
దుకాణదారు చెప్పకపోయినా మీరు చెప్పాల్సిన మాట ఇది. వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 ప్రకారం గట్టి పగడాలు, నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు, సముద్రపు గుర్రాలు షెడ్యూల్-1లో ఉన్నాయి. అంటే పులితో సమానమైన రక్షణ. మన సముద్రం నుంచి వాటిని తీయడం, అమ్మడం, దగ్గరుంచుకోవడం నేరం. పగడపు దిబ్బల నుంచి విరగ్గొట్టి తెచ్చిన రాళ్లూ ఇందులోకే వస్తాయి. కాబట్టి సిరామిక్ లేదా అచ్చుపోసిన రాళ్లు, హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్, నత్తలతో ట్యాంకు రూపొందించండి. మెత్తటి పగడాలు కొంటే అవి ఎక్కడివో తెలిపే బిల్లు, పత్రాలు అడగండి. ఇలాంటి ట్యాంకులో కాల్షియం ఖర్చు ఎలాగూ తక్కువే. చట్టాన్ని పాటిస్తే రియాక్టర్ ఖర్చు కూడా మిగులుతుంది.

ఎండలు.. కరెంటు కోతలు
తిరుపతి, చిత్తూరు వేసవిలో 40 డిగ్రీలు మామూలే. ట్యాంకు నీళ్లు 25-27 డిగ్రీల మధ్య ఉండాలి. నీటి ఉపరితలంపై గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. దానితో ఆవిరి పెరుగుతుంది. తగ్గిన మేరకు ఉప్పునీళ్లు కాదు, ఆర్‌ఓ నీళ్లే పోయాలి. ఎందుకంటే నీరే ఆవిరవుతుంది, ఉప్పు కాదు. గది మరీ వేడిగా ఉంటే ఏసీ లేదా చిల్లర్ తప్పదు. కరెంటు పోతే ఆక్సిజన్ అందడానికి బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు సిద్ధంగా ఉంచాలి. జాబితాలో స్కిమ్మర్ కన్నా ఇదే ముందు రాయండి.

కొలువు ఎక్కడ?
రొయ్యల ఉత్పత్తిలో దేశంలో ముందున్నది ఆంధ్రప్రదేశే. హేచరీల్లో ఇసుక ఫిల్టర్లు, బయోఫిల్టర్లు, యూవీ వాడతారు. పెంకు వదిలి కొత్త పెంకు కట్టుకునే రొయ్యకూ కాల్షియం, మెగ్నీషియం, ఆల్కలినిటీయే ఆధారం. అక్కడ ఆల్కలినిటీని డిగ్రీల్లో కాకుండా కాల్షియం కార్బొనేట్ పీపీఎంలో చెబుతారు. ఒక డిగ్రీ అంటే 17.9 పీపీఎం. సముద్రపు నీటి 7 డిగ్రీలు అంటే 125 పీపీఎం. ఇంటర్వ్యూలో ఈ మార్పిడి చటుక్కున చెప్పగలిగితే, మీరు నీటిని నిజంగా పరీక్షించారని ఎదుటివారికి తెలిసిపోతుంది.

- కెమిస్ట్రీ ల్యాబ్‌లో చేసిన యాసిడ్ టైట్రేషనే ఆల్కలినిటీ పరీక్ష. ఈడీటీఏ టైట్రేషనే కాల్షియం పరీక్ష. కాలేజీ ల్యాబ్‌లోనే సాధన చేయండి.
- కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం, విళింజం కేంద్రాలు క్లౌన్ ఫిష్ పిల్లల ఉత్పత్తి పద్ధతులను అభివృద్ధి చేశాయి. అక్కడి శిక్షణ ప్రకటనలు గమనిస్తుండండి.
- రంగు చేపల వ్యాపారానికి పేరున్న చెన్నై కొళత్తూరు మనకు మూడు గంటల ప్రయాణం. ఒక రోజు వెళ్లి దుకాణాల్లో ఏం అమ్ముతున్నారో, ఏం అడుగుతున్నారో రాసుకోండి.
- సొంతంగా మొదలుపెట్టేవారికి 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో రంగు చేపల పెంపకం యూనిట్లకు చోటిచ్చారు. రాయితీ యూనిట్ వ్యయంలో జనరల్ వర్గానికి 40 శాతం. మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం. ప్రస్తుత నిబంధనలు జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో కనుక్కోండి.

ఇంతకీ డాక్టరుగారికి ఏం రాసిస్తారు? ఆర్‌ఓ నీళ్లు, టీడీఎస్ మీటరు, లవణీయత చూసే రిఫ్రాక్టోమీటరు, సముద్రపు ఉప్పు, రాళ్లు, ఇసుక, పంపు, చిన్న ఫిల్టరు, ఫ్యాను, బ్యాటరీ ఎయిర్ పంపు, అమ్మోనియా, ఆల్కలినిటీ కిట్లు. చివర్లో చిన్న డబ్బా కాల్షియం హైడ్రాక్సైడ్. స్కిమ్మర్ దగ్గర ‘ఆరు నెలల తర్వాత చూద్దాం’ అని, రియాక్టర్ దగ్గర ‘అక్కర్లేదు’ అని రాయండి. పక్కనే మీ లెక్క కూడా వేసి చూపండి.

ఆ తర్వాత నెల రోజుల పాటు రోజూ ఒకే వేళకు ఉష్ణోగ్రత, లవణీయత, ఆల్కలినిటీ కొలిచి నోటుపుస్తకంలో రాయండి. హేచరీ ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు సర్టిఫికెట్ల ఫైలులో ఆ పుస్తకం కూడా పెట్టుకోండి.