మానిన పుండు, మానని జబ్బు

సవాయి, అంటే సిఫిలిస్, పాతకాలపు జబ్బని, పెన్సిలిన్ వచ్చాక పోయిందని చాలామంది నమ్మకం. పోలేదు. 2022లో 15-49 ఏళ్లవారిలో కొత్తగా 80 లక్షల మందికి సిఫిలిస్ సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

కారణం ట్రెపొనిమా పాలిడమ్ అనే బాక్టీరియా. 1905లో బెర్లిన్‌లో షౌడిన్, హాఫ్‌మన్ దాన్ని గుర్తించారు. సోకిన సుమారు మూడు వారాలకు జననాంగం మీద ఒక పుండు లేస్తుంది. నొప్పి ఉండదు. స్త్రీలకు లోపల లేస్తే అసలు కనబడదు. మందేమీ వాడకపోయినా కొన్ని వారాల్లో మానిపోతుంది. ప్రమాదమంతా ఆ మానడంలోనే ఉంది! క్రిములు అప్పటికే రక్తంలో చేరి ఉంటాయి. ఆ తర్వాత అరచేతుల్లో, అరికాళ్లలో దద్దుర్లు వచ్చి అవీ తగ్గిపోతాయి. ఏళ్లు గడిచాక గుండె, మెదడు దెబ్బతినవచ్చు.

గర్భిణుల రక్తపరీక్ష చీటీలో కనిపించే వీడీఆర్ఎల్ ఈ జబ్బు కోసమే. విశేషమేమంటే అది బాక్టీరియాను వెతకదు. కణాలు దెబ్బతిన్నప్పుడు బయటపడే కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థం మీదికి ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలను పట్టుకుంటుంది. అందుకే మలేరియా, లూపస్ వంటి జబ్బుల్లోనూ, ఒక్కోసారి గర్భం వల్లే కూడా పాజిటివ్ రావచ్చు. టీపీహెచ్ఏ వంటి మరో పరీక్షతో రూఢి చేసుకోకుండా, ఒక్క కాగితం పట్టుకుని ఇల్లాలి శీలాన్ని శంకించడం ఘోరమైన అన్యాయం. పుండు లేచిన తొలి రోజుల్లో నెగటివ్ కూడా రావచ్చు కాబట్టి, అనుమానముంటే కొన్ని వారాలకు మళ్లీ చేయించుకోవాలి.

తొలి దశలో చికిత్స చాలా తేలిక: బెంజథైన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, ఒక్కసారి. గర్భిణికి అది సకాలంలో అందకపోతే కడుపులోని బిడ్డ చనిపోవచ్చు, లేదా జబ్బుతోనే పుట్టవచ్చు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో సుఖవ్యాధులకు ఉచితంగా వైద్యం చేస్తారు. హెచ్ఐవీ పరీక్షా ఉచితమే. ఆ పరీక్షకు మనిషి సమ్మతి ఉండాలని, ఫలితం గోప్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతోంది. సందేహాలుంటే 1097కు ఫోన్ చేయవచ్చు.

అయితే భార్యకు సూది వేసి భర్తను వదిలేస్తే చికిత్స సగమే. ఒకసారి వచ్చి తగ్గినంత మాత్రాన ఈ జబ్బు మళ్లీ రాకుండా పోదు. నయమవుతున్న మనిషిలో వీడీఆర్ఎల్ అంకె, ఉదాహరణకు 1:32 నుంచి 1:8కి, నెలల మీద దిగివస్తుంది. దిగిన అంకె మళ్లీ నాలుగింతలు పెరిగితే డాక్టర్లు ముందు అనుమానించేది మందును కాదు, కొత్తగా సోకిన జబ్బును. అప్పుడు సూది గదికి రావలసింది ఆమె ఒక్కతే కాదు, ఆమె భర్త కూడా.