ఆరవదానికీ తనిఖీ తప్పదు

429,49,67,297. పది అంకెల ఈ సంఖ్య ఒక మహా గణితవేత్త విశ్వాసాన్ని వమ్ము చేసింది.

2ను వరుసగా 1, 2, 4, 8, 16 ఘాతాలకు హెచ్చించి, ఒక్కొక్క ఫలితానికి 1 కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి. ఈ అయిదూ ప్రధాన సంఖ్యలే. అనగా 1తోను, తమతోను తప్ప మరి దేనితోను నిశ్శేషంగా భాగింపబడవు. ఈ వరుస ఎంత దూరం సాగినా ఇట్లే ఉంటుందని ఫ్రాన్సు దేశీయుడైన ఫెర్మా 1640లో భావించాడు. తరువాతి ఘాతం 32. దానితో వచ్చే ఆరవ సంఖ్యయే పైన చెప్పినది.

స్విట్జర్లాండులో జన్మించిన ఆయిలర్ 1732లో దానిని 641తో నిశ్శేషంగా భాగించి చూపాడు, భాగఫలం 6700417. ఈ సంఖ్యకు గల ప్రతి కారణాంకమూ 64తో భాగిస్తే 1 శేషం ఇచ్చి తీరాలని కూడా ఆయన తరువాత నిరూపించాడు. 641 వరకు అట్టి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641 మాత్రమే. అనగా అయిదు భాగహారాలతో పని ముగుస్తుంది! ఇంటిలోని పిల్లలు కాగితం మీద సరిచూడవచ్చు.

ఈ వరుసలో మరొక ప్రధాన సంఖ్య నేటివరకు ఎవరికీ లభించలేదు. అయిదు నమూనాలు నెగ్గినంత మాత్రాన ఆరవదానికి పరీక్ష లేకుండా ముద్ర వేయరాదన్నది కర్మాగారంలో మనం నిత్యం పాటించే నియమమే కదా!