రక్తములో ఉప్పు తగ్గుట

2002 ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్ నగరమున జరిగిన మారథాన్ పందెములో, 42 కిలోమీటర్లు పరుగెత్తి వచ్చిన 488 మంది రక్తమును పరీక్షించిరి. వారిలో నూటికి 13 మందికి సోడియం తక్కువగా నున్నది. ముగ్గురికైతే ప్రాణాపాయస్థితి. చెమటతో ఉప్పు పోయినందున అట్లయినదని ఎవరైనను అనుకొందురు. కాని ఈ ప్రమాదము ఎక్కువగా కనబడినది, పరుగు ముగియునప్పటికి బరువు పెరిగినవారిలో! చెమటలు కార్చుచు పరుగెత్తిన మనిషి బరువు పెరిగెనన్న, అది త్రాగిన నీటి బరువే.

రక్తద్రవములో లీటరుకు 135 నుండి 145 మిల్లీమోల్‌ల సోడియం ఉండవలెను. ఇది గాఢత, శరీరములోని మొత్తము ఉప్పు కాదు. చారు చప్పగా ఉన్నదన్న, ఉప్పు తక్కువ వేసియుండవచ్చును, నీరు ఎక్కువ పోసియుండవచ్చును గదా! విరేచనములలో ఉప్పు నిజముగా పోవును. అప్పుడు ఉప్పు, చక్కెర తగుపాళ్ళలో కలిపిన నీరు ప్రాణము నిలుపును. మారథాన్ సంగతి రెండవ రకమునకు చెందినది.

మాగాయకు తరిగిన మామిడిముక్కలలో ఉప్పు కలిపి ఉంచిన, ముక్కలలోని నీరు వెలుపలికి వచ్చి ఊట అగును. నీరు ఎల్లప్పుడు పలుచని వైపునుండి చిక్కని వైపునకు పోవును. రక్తము పలుచనైనప్పుడు ఇది తారుమారగును: నీరు కణములలో చొరబడి, అవి ఉబ్బును. కండరములు ఉబ్బుటకు చోటున్నది. మెదడో, పుర్రె అను గట్టిపెట్టెలో నున్నది. అందుచేత తలనొప్పి, వాంతి, తికమక, మూర్ఛలు, తుదకు మరణము.

మామూలుగా మూత్రపిండములు అధికజలమును వెడలగొట్టును. కాని దీర్ఘశ్రమ, నొప్పి, వికారము కలిగినపుడు పిట్యూటరీ గ్రంథి వాసోప్రెసిన్ అను హార్మోనును విడుచును. దానివలన మూత్రము తగ్గి, నీరు ఒంటిలోనే నిలుచును. తికమకపడుచున్న పరుగువానిని చూచి, వడదెబ్బ యనుకొని చుట్టుప్రక్కలవారు మరికొంత నీరు త్రాగింతురు. మేలు చేయబోయి కీడు చేయుట యనగా ఇదే! ఆటగాళ్ళకు అమ్ము పానీయములును రక్షింపవు. వానిలోని సోడియం రక్తములోని దానికన్న చాల తక్కువ.

మూర్ఛలు వచ్చినవారికి ఆసుపత్రిలో నూటికి 3 పాళ్ళ ఉప్పు ద్రావణమును నరములోని కెక్కింతురు. గంటలలో పలుచనైన రక్తమును అట్లు త్వరగా సరిచేయవచ్చును. కొన్నిదినములుగా సోడియం తగ్గియున్నవారి విషయము వేరు. మెదడుకణములు ఈలోగా తమ లవణములను కొంత విడిచి సర్దుకొనియుండును. వారికి తొందరపడి ఎక్కించిన, మెదడులోని నరపుపోగుల పైతొడుగు చెడిపోవును.