పైకప్పు లేని ఊరు

నీటి కుళాయి లేదు, విద్యుత్తు తీగ లేదు, ఇంటి అద్దె లేదు. అయినా చలికాలం రాగానే అమెరికాలోని ఒక ఎడారికి గాయకులు, చిత్రకారులు, సంచారులు వలసపక్షుల వలె చేరుకుంటారు.

శనివారం సాయంకాలం. కాలిఫోర్నియా రాష్ట్రపు ఆగ్నేయ మూలన సూర్యుడు సాల్టన్ సరస్సు వెనుకకు దిగిపోయాడు. పగలంతా హాయిగా ఉన్న ఎడారి గాలిలో చలి తలయెత్తింది. పాడుబడిన బస్సుల నడుమ నిలిపిన చెక్క వేదికపై దీపాల తోరణం వెలిగింది. ఆ దీపాల వెలుగు పగటి ఎండ నుంచి కూడబెట్టినదే. ఎదుట చిరిగిన సోఫాలు, పాత కారు సీట్లు ప్రేక్షకుల ఆసనాలు. టిక్కెట్టు లేదు. గిటారు పుచ్చుకుని ఎవరైనా వేదిక ఎక్కవచ్చు. శ్రుతి తప్పినా చప్పట్లకు లోటుండదు. ఈశాన్యాన చాక్లెట్ పర్వతాలలో సైనిక విమానాలు బాంబుల సాధన చేస్తాయి. అప్పుడప్పుడు ఆ ధ్వని భూమిని అదరగొడుతుంది. పాట మాత్రం ఆగదు.

ఈ చోటి పేరు స్లాబ్ సిటీ. తెలుగువారికి స్లాబు అంటే ఇంటి పైకప్పు. ఇక్కడ అది పాదాల కింద ఉంటుంది. పైకప్పు స్థానంలో ఉన్నది ఆకాశమే.

ఈ విచిత్రమైన పేరు వెనుక యుద్ధకాలపు కథ ఉంది. రెండవ ప్రపంచ యుద్ధం సాగుతుండగా 1942లో అమెరికా నౌకా పదాతిదళం ఈ ఎడారిలో క్యాంప్ డన్‌లప్ అనే శిక్షణ శిబిరాన్ని నెలకొల్పింది. ఫిరంగి దళాలు ఇక్కడ తర్ఫీదు పొందాయి. యుద్ధం ముగిసిన తరువాత శిబిరంతో పని తీరిపోయింది. 1956 నాటికి కట్టడాలను విప్పి తీసుకుపోయారు. పునాదులుగా పోసిన కాంక్రీటు పలకలను పెకలించడం మాత్రం ఎవరికీ లాభసాటిగా తోచలేదు. అవి ఎండకు ఎండుతూ మిగిలిపోయాయి. భూమి తిరిగి రాష్ట్రం చేతికి వచ్చింది. బురద కాని, ఇసుక కాని లేని ఆ గట్టి నేల, ఇంటిని చక్రాలపై వెంట తిప్పుకొనే వారి కంట పడింది. క్రమంగా అక్కడ ఒక ఊరు వెలిసింది.

ఏటా అక్టోబరు, నవంబరు మాసాలలో ఉత్తరాది రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి, మంచు తాకిడికి తాళలేని వృద్ధ దంపతులు, ఉద్యోగ విరమణ చేసినవారు తమ వాహన గృహాలతో తరలివస్తారు. ‘హిమపక్షులు’ అని వారికి పేరు. చలికాలంలో పులికాట్ సరస్సుపై రాజహంసలు వాలినట్లే, ఈ ఎడారిలో వీరు వాలుతారు. పక్కనున్న సాల్టన్ సరస్సు కూడా నిజమైన వలసపక్షులకు విడిదియే కావడం ఒక వింత. వీరితో పాటు యువ సంచారులు, బికారులు, లోకం పోకడ నచ్చక వచ్చినవారు కూడా ఉంటారు. శీతకాలపు జనసంఖ్య వేలలోకి చేరిన సంవత్సరాలున్నాయి. వేసవిలో నిలిచేవారు సుమారు నూటయాభై మంది. ఆ ఋతువులో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌ను దాటిపోతుంది. రెంటచింతల ఎండలు ఎరిగినవారికి ఆ మాట అర్థమవుతుంది. నీడ, నీరు, పంకా లేని చోట అదే ఎండ ఎంత భయంకరమో ఊహించడం మాత్రం కష్టం.

అద్దె లేని జీవితానికి వెల లేకపోలేదు. తాగునీటిని కొద్ది కిలోమీటర్ల దూరంలోని నైలాండ్ అనే చిన్న ఊరి నుంచి మోసుకురావాలి. చెత్తను ఎత్తేవారు లేరు. ఆసుపత్రికి వెళ్లాలంటే ఇంకా దూరం ప్రయాణించాలి. సూర్యరశ్మి పలకలు, పాత బ్యాటరీలు ఉన్నవాడు సంపన్నుడు. చాలామందికి నెలనెలా వచ్చే పింఛను లేదా ప్రభుత్వ భత్యమే ఆధారం. దొంగతనాలు, మాదకద్రవ్యాలు, అగ్నిప్రమాదాలు ఈ ఊరికి కొత్తవి కావు. స్వేచ్ఛను వెదకుతూ వచ్చినవారి పక్కనే, మరెక్కడికీ పోలేక వచ్చినవారు కూడా నివసిస్తున్నారు. ఈ ఇరువురి మధ్య గీత గీయడం తేలిక కాదు.

అయినా ఇక్కడ ఒక గ్రంథాలయం ఉంది. ఒక మహిళ పూనికతో మొదలైన ఆ పాకలో సభ్యత్వ రుసుము లేదు. వేదిక వద్ద ఏటా ఒక నృత్యోత్సవం కూడా జరుగుతుంది. అమెరికా పాఠశాలలలో చదువు ముగిసే వేళ జరిగే వేడుకను పేదరికం వల్లనో, మరే కారణం వల్లనో పోగొట్టుకున్నవారు, నెరిసిన జుట్టుతోనే, ఎవరో దానమిచ్చిన పట్టు దుస్తులు ధరించి ఆ రాత్రి ఆ ముచ్చట తీర్చుకుంటారు.

ఈ ఊరికి లోకప్రసిద్ధి తెచ్చినవాడు లెనార్డ్ నైట్. 1931లో వెర్మాంట్ రాష్ట్రంలో జన్మించిన ఈయన దైవప్రేమను చాటే అక్షరాలతో ఒక పెద్ద వేడిగాలి బెలూన్‌ను ఎగురవేయాలని కలగన్నాడు. గుడ్డముక్కలను చేర్చి ఏళ్ల తరబడి కుట్టాడు. అది ఎగరలేదు, చివరకు బట్ట చివికిపోయింది. 1984లో, వారం రోజులుండి ఒక చిన్న జ్ఞాపకచిహ్నం కట్టి వెళ్లిపోదామని ఈ ఎడారికి వచ్చాడు. వారం సంవత్సరాలయింది. సిమెంటును పొదుపు చేయడానికి ఇసుక అధికంగా కలిపి ఒక కొండను పేర్చి రంగులద్దాడు. 1989లో అది కుప్పకూలింది. వేరొకడైతే అంతటితో మూటాముల్లె సర్దుకొనేవాడు. ఈయన మాత్రం తన పని భద్రమైనది కాదని తెలియజెప్పినందుకు భగవంతునికి కృతజ్ఞతలు చెప్పుకొని, ఈసారి మట్టి, గడ్డి కలిపి తిరిగి మొదలుపెట్టాడు. చూడవచ్చినవారు రంగు డబ్బాలు తెచ్చి ఇచ్చేవారు. సుమారు యాభై అడుగుల ఎత్తున పూలు, జలపాతాలు, అక్షరాలు వెలిశాయి. ‘సాల్వేషన్ మౌంటెన్’, అనగా ముక్తిగిరి అన్నది దాని పేరు.

1994లో మరొక గండం వచ్చింది. రంగులలోని సీసం వల్ల నేల విషపూరితమైందని స్థానిక అధికారులు భావించారు. కొండను తొలగించే ప్రయత్నం సాగింది. అభిమానులు సంతకాలు సేకరించారు. స్వతంత్రంగా జరిపించిన మట్టి పరీక్షలలో ఆ ఆరోపణ నిలవలేదు. కొండ నిలిచింది. 2002లో అమెరికా పార్లమెంటు ఎగువ సభలో సెనేటర్ బార్బరా బాక్సర్ దీనిని జాతీయ సంపదగా ప్రస్తుతించారు. 2007లో విడుదలైన ‘ఇన్‌టు ది వైల్డ్’ చలనచిత్రంలో నైట్ తన పాత్రలో తానే కనిపించాడు. వార్ధక్యం మీదపడగా 2011లో ఆయనను వృద్ధాశ్రమంలో చేర్చవలసి వచ్చింది, 2014లో కన్నుమూశాడు. మట్టి కొండకు మరమ్మతు నిత్యకృత్యం. ఆ బాధ్యతను ఇప్పుడు ఇతరులు మోస్తున్నారు.

మరికొంత దూరంలో ‘ఈస్ట్ జీసస్’ అనే కళాక్షేత్రం ఉంది. పేరుకు మతసంబంధం లేదు. ఎక్కడో మారుమూల అనే అర్థంలో వాడే నానుడి అది. చార్లీ రసెల్ అనే వ్యక్తి 2007లో ఉద్యోగం వదిలి వచ్చి దీనిని ప్రారంభించాడు. పారవేసిన టెలివిజన్లతో ఒక గోడ, సీసాలతో మరొక గోడ, తుప్పు పట్టిన ఇనుముతో జంతువులు ఇక్కడ లేచాయి. పారవేసిన వస్తువేదీ లేదనీ, పారవేసే మనుషులే ఉన్నారనీ ఆ ఆవరణ మౌనంగా చెబుతుంది. రసెల్ 2011లో మరణించినా ఆయన సహచరులు దానిని నడుపుతున్నారు.

ఇందరు ఇంత ప్రేమతో అలంకరించిన నేల చాలావరకు వీరిది కాదు. ఒక చదరపు మైలు విస్తీర్ణం గల ఈ భూమిలో అధికభాగం రాష్ట్రానికి చెందిన పాఠశాలల భూములలోనిది. దానిపై ఆదాయమేదైనా వస్తే అది ఉపాధ్యాయుల పింఛను నిధికి చేరాలి. 2010 దశకంలో అమ్మకపు మాట వినవచ్చినప్పుడు నివాసులు రెండుగా చీలారు. సంఘంగా ఏర్పడి భూమిని చట్టబద్ధంగా పొందుదామని కొందరన్నారు. దస్తావేజు వచ్చిన మరునాడే నిబంధనలు, పన్నులు వస్తాయి. అవి వద్దనుకొనే కదా ఇక్కడికి వచ్చామని మరికొందరు వాదించారు. ఇద్దరి మాటలోనూ సత్యముంది. స్వంతం కాని స్వేచ్ఛ ఎన్నాళ్లు నిలుస్తుంది? స్వంతమైన పిదప అది స్వేచ్ఛగా మిగులుతుందా?

మార్చి వెళ్లి ఏప్రిల్ రాగానే హిమపక్షుల వాహనాలు ఒక్కొక్కటిగా ఉత్తరముఖం పడతాయి. ఖాళీ అయిన పలకలపై ఎండ పరచుకుంటుంది. వెళ్లేవారు ఉండేవారికి మిగిలిన నీటి డబ్బాలు ఇచ్చి, వచ్చే శీతకాలం కలుద్దామంటారు. ఉండేవారు తలూపుతారు. ఈ ఎడారిలో ఆ మాట వట్టి మర్యాద కాదు. నడివేసవిని గడిపి బ్రతికి ఉండమనే ఆశీర్వచనం.