ప్రేమనవలలలోని నాయిక



ఖమ్మమునుండి భద్రాచలమునకు బోవు అడవిత్రోవ పల్లెలలో నేడు చదువుకొన్న బాలికలు పెక్కండ్రు గలరు. వారిలో నొకతె తలగడక్రింద ప్రేమనవలను దాచుకొన్నచో, "ఇవి పిల్లలను చెఱచు పుస్తకములు" అని మనము కోపింతుము. ఆ కోపము న్యాయమగునో కాదో తెలియవలెనన్న, అందలి నాయిక యెట్టిదో ముందుగా నెఱుగవలెను.

తెలుగున నిట్టి నవలలకు మిక్కిలి ప్రచారము దెచ్చినవారు యద్దనపూడి సులోచనారాణిగారు. వీరు 1940లో కృష్ణాజిల్లా కాజ గ్రామమున జన్మించి, 2018లో దివంగతులైరి. వీరి 'సెక్రటరీ' నవల 1960వ దశకమున పత్రికలో ధారావాహికగా వెలువడి, 1976లో చలనచిత్రమైనది. అందలి జయంతి కలిమి లేని పిల్ల. ఉద్యోగము చేసి బ్రదుకును. యజమాని రాజశేఖరము ధనికుడు, రూపవంతుడు. అతనియందు మనసున్నను, తన గౌరవమునకు లోపము వచ్చునని తోచినచోట నామె లొంగదు. 1973లో చలనచిత్రమైన 'మీనా' నవలలోని నాయిక పట్నమున ధనికుల యింట తల్లి చెప్పుచేతలలో పెరిగినది. అయినను పల్లెలో సేద్యము చేయు బంధువునే వరించును. "కాదు" అని చెప్పగల ధైర్యము ఈ నాయికల గుణము. ఆడుపిల్లలు అప్పుడప్పుడే కచేరీలలో ఉద్యోగములకు వెడలుచున్న దినములవి. కావున పాఠకురాండ్రు వారియందు తమ్ము తాము చూచుకొనిరి.

ఇక లోపమును జెప్పెదను. పత్రికలో కథ సంచికనుండి సంచికకు సాగవలెను. అందులకై నాయికానాయకుల నడుమ నొక అపార్థము పుట్టును. ఒక్క మాటతో తీరవలసినది నెలలకొలది తీరదు. తుదకు అపార్థము తొలగును, పెండ్లి యగును, కథ ముగియును. పెండ్లితరువాత ఆమె ఉద్యోగమేమాయెను? ఆమె మాటకు అత్తవారింట విలువ గలదా? సామాన్యముగా నీ నవలలు ఆ ప్రశ్నల జోలికి బోవు.

మనము ఏటేట శ్రీరామనవమికి భద్రాద్రిని సీతమ్మ కల్యాణము చూచుచున్నాము. ఆమె కథ కల్యాణముతో ముగియలేదు. ఆమె ధైర్యము లోకమునకు దెలిసినది తరువాతనే, అడవిలోనే. ఆమె నివసించినదని స్థలపురాణము చెప్పు పర్ణశాల మనకు సమీపముననే కలదు. నేటికిని ఈ యడవిని వేసవిలో ఇప్పపూవు నేఱి, తునికాకు కోసి కుటుంబమును నడుపు కోయపడుచులు గలరు. అట్టి పడుచు నాయికగా నున్న ప్రేమనవల యొక్కటియు నా కంటబడలేదు.

కావున పెద్దలారా, ఆ పుస్తకమును లాగికొని పొయ్యిలో వేయకుడు. మీరును చదువుడు. "అమ్మా, ఈ పిల్ల ఇచట కాదని యేల చెప్పినది? పెండ్లియైన పిదప నీమె యేమి చేయును?" అని మనుమరాలిని అడుగుడు. ఆమె చెప్పు సమాధానమున ఆమె మనసు మీకు తెలియును. రేపు ఆమెకు సంబంధము చూచునాడు, తాంబూలములు పుచ్చుకొనుటకు ముందే, ఆమె "ఔను"ను "కాదు"ను వినుటకు అది మీకు అభ్యాసమగును. నవలలోని పిల్ల "కాదు" అన్నప్పుడు మెచ్చుకొని, మన యింటి పిల్ల అన్నప్పుడు కోపించుట ధర్మము కాదుగదా!